సముద్రపు ట్యాంకులో గుంపు చేపలు: ఏడు తెస్తే ఏడూ మిగలాలంటే

మొదటిసారి ఏడు గ్రీన్ క్రోమిస్‌లు తెచ్చాను. లేత ఆకుపచ్చ రంగు, పక్కకి తిరిగితే నీలం మెరుపు. వారం రోజులు ట్యాంకు ముందునుంచి కదల్లేదు నేను. మూడో వారానికి ఆరయ్యాయి. అమ్మకి పొద్దున్నే కాఫీ గ్లాసుతో వచ్చి చేపలు లెక్కపెట్టే అలవాటు. "ఏరా, నిన్న ఆరు కదా, ఇవాళ ఐదే ఉన్నాయేంటి?" అనేది. చచ్చిన చేప కూడా దొరికేది కాదు, రాళ్ళ సందుల్లో పురుగులూ పీతలూ రాత్రికి రాత్రే తినేసేవి. నాలుగు నెలలకి రెండు మిగిలాయి. నీటిని పరీక్షించే టెస్ట్ కిట్‌లో అంకెలు మాత్రం ఎప్పుడు చూసినా సరిగ్గానే ఉన్నాయి.

ఉప్పునీటి ఆక్వేరియం పెట్టుకున్నవాళ్ళలో ఈ కథ చాలామందికి జరిగే ఉంటుంది. సముద్రంలో క్రోమిస్‌లు గుంపుగా తిరిగేది పెద్ద చేపల భయానికి. అక్కడ గుంపులో ఒకటి ఓడిపోతే పక్క పగడంలోకి వెళ్ళిపోతుంది. మన నాలుగడుగుల గాజుపెట్టెలో వేటాడే చేప లేదు, పారిపోవడానికి చోటూ లేదు. భయం పోయిన గుంపులో పెత్తనం మొదలవుతుంది. అందుకే ఈ మార్గదర్శిలో నీళ్ళ గురించి ఎంత చెప్పానో చేపల మధ్య తగాదాల గురించీ అంతే చెప్పాను.

1. ట్యాంకు కొనకముందే చేపను ఎంచుకోండి

షాపులో "గుంపు చేప" అని చెప్పేవన్నీ ఒకలాంటివి కావు. నాలుగింటి సంగతి చెబుతాను.

గ్రీన్ క్రోమిస్: మన లక్షద్వీప్‌లో, అండమాన్‌లో కూడా ఉంటుంది. ధర తక్కువ, కదలిక బాగుంటుంది. కానీ ఇది డామ్సెల్ కుటుంబం చేప, ఆ కుటుంబపు పొగరు దీనికీ కొంచెం ఉంది. పైకి సాధువులా కనిపిస్తూ చిన్నదాన్ని చూసి ముక్కుతో పొడుస్తుంది.

పైజామా కార్డినల్: ముందు సగం పసుపు, నడుముకి నల్ల పట్టీ, వెనక చుక్కలు. ఎవరో మూడు చేపలు కోసి ఒకటిగా అతికించినట్టుంటుంది. ఎనిమిది సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. ఇది పరుగులు పెట్టదు, ప్రార్థన సమయంలో బడిపిల్లల్లా ఒకే వైపు తిరిగి నీటి మధ్యలో నిలబడుతుంది. నెమ్మదస్తురాలు. మొదటిసారి గుంపు పెట్టేవాళ్ళకి నేను చెప్పేది దీన్నే.

బాంగాయ్ కార్డినల్: ఇండోనేషియాలో సులావెసి పక్కనున్న బాంగాయ్ దీవుల చేప. ఆక్వేరియం వ్యాపారం కోసం ఎంత పట్టారంటే, 2007లో దీన్ని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేర్చింది. చూడ్డానికి పైజామాకి చెల్లెలే గానీ స్వభావం వేరు. పిల్లలుగా ఉన్నప్పుడు గుంపుగా ఉంటాయి. వాటిలో ఒక జంట కుదిరిందంటే మిగతావాటిని చంపేదాకా ఊరుకోవు. జంటగా మాత్రమే పెంచండి, అదీ ట్యాంకుల్లో పుట్టి పెరిగినవే కొనండి.

లైర్‌టెయిల్ ఆంథియాస్: నారింజ రంగు చేప. ఒక మగ, నాలుగైదు ఆడవి కలిసి ఉంటాయి. మగది పోతే ఆడవాటిలో ఒకటి మగగా మారిపోతుంది. లెవ్ ఫిషెల్సన్ అనే శాస్త్రవేత్త 1970లో నేచర్ పత్రికలో ఈ సంగతి ప్రచురించాడు. అందుకే షాపులో మగ చేప కోసం వెతుక్కోనక్కర్లేదు, ఆడవి తెస్తే మగను అవే తయారు చేసుకుంటాయి. కాకపోతే రోజుకి మూడు నాలుగుసార్లు తిండి పెట్టకపోతే చిక్కిపోతాయి. ఆఫీసుకి వెళ్ళేవాళ్ళు బాగా ఆలోచించుకోవాలి.

2. ట్యాంకు

ఎత్తు కన్నా పొడవు ముఖ్యం. నాది నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు. లెక్కకి 340 లీటర్లు, రాళ్ళూ ఇసుకా పోను 280 దాకా నీళ్ళు పడతాయి. ఇందులో ఏడు పైజామాలు, ఒక జత క్లౌన్ చేపలు, ఇసుక మీద తిరిగే ఒక చిన్న గోబీ చేప. అంతే. ఇంకా ఖాళీ ఉన్నట్టే కనిపిస్తుంది, ఆ ఖాళీని అలాగే ఉంచండి.

అంతా కలిపి అర టన్ను బరువు తేలుతుంది. ఫ్లాట్‌లో ఉండేవాళ్ళు గోడను ఆనించి, కింద బీమ్ ఉన్నచోట పెట్టుకోండి. పైన గాజుమూత వద్దు, అది వేడిని పట్టి ఉంచుతుంది. దోమల జాలీ కన్నా కొంచెం పెద్ద కన్నాలున్న వల బిగించండి. బెదిరిన చేప ఎగిరి నేలమీద పడితే చీమలు పట్టేదాకా మనకి తెలియదు.

కింద సంప్ (నీటిని శుభ్రం చేసే రెండో తొట్టి), అందులో మురికిని నురగగా తీసేసే స్కిమ్మర్, నీటిని మళ్ళీ పైకి పంపే రిటర్న్ పంపు, పైన నీటిని కదిలించే వేవ్‌మేకర్లు ఒకటో రెండో. కార్డినల్స్ ప్రశాంతమైన లగూన్ (పగడపు దిబ్బల చాటున ఉండే నిశ్చలమైన సముద్రం) చేపలు. ట్యాంకు మొత్తం హోరెత్తిపోకుండా ఒక మూలైనా నీరు నెమ్మదిగా ఉండేలా వేవ్‌మేకర్లను తిప్పండి. పైజామాలు ఆ మూలనే ఇల్లు చేసుకుంటాయి.

3. నీళ్ళు

మా అపార్ట్‌మెంట్ బోరు నీళ్ళలో టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాలు) మీటర్ పెడితే 780 చూపించింది. ఇంట్లో తాగే ఆర్ఓ నీళ్ళు 60. అది చాలనుకుని మొదట్లో వాడాను, రెండు నెలల్లో గాజంతా గోధుమరంగు నాచు. తాగునీటి ఆర్ఓ మెషీన్లలో చాలావాటికి రుచి కోసం కొంచెం పచ్చినీళ్ళు కలిపే టీడీఎస్ కంట్రోలర్ ఉంటుంది. దాన్ని పూర్తిగా మూసేసి, వచ్చిన నీటిని డీఐ రెసిన్ (మిగిలిన లవణాలను పట్టేసే గుళికలు) గొట్టం గుండా పంపండి. మీటర్ 0 చూపించాలి. రెసిన్ రంగు మారితే మార్చేయండి.

ఆ నీటిలో రీఫ్ ఉప్పు (సముద్రపు ట్యాంకుల కోసం అమ్మే ఉప్పు) లీటరుకి 35 నుంచి 38 గ్రాముల దాకా కలపాలి, కచ్చితమైన మోతాదు డబ్బా మీదే ఉంటుంది. చిన్న పంపుతో ఒక రాత్రంతా తిప్పి, ఉప్పుదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో సాంద్రత 1.025 – 1.026 ఉందో లేదో చూసుకోండి. వంటింటి ఉప్పు పనికిరాదు, అందులో క్యాల్షియం, మెగ్నీషియం లాంటివి ఉండాల్సినంత ఉండవు.

విశాఖ మిత్రులు తరచూ అడిగే మాట: "బీచ్ పక్కనే కదా, బిందెతో తెచ్చుకుంటే పోలా?" వద్దంటాను. ఒడ్డున ఊరి మురుగూ, రేవు నూనే కలుస్తాయి. పైగా వర్షాకాలంలో, ఆ తర్వాతా నదుల మంచినీళ్ళు కలిసి బంగాళాఖాతం ఒడ్డు నీటి ఉప్పుదనం బాగా పడిపోతుంది. ఒక వారం ఉన్న నీళ్ళు ఇంకో వారం ఉండవు.

4. రాళ్ళు, పగడాలు, చట్టం

మన దేశంలో రీఫ్ (పగడపు దిబ్బ) కట్టే రాతి పగడాలన్నీ, నల్ల పగడాలు, ఆర్గన్ పైప్, ఫైర్ కోరల్, సీ ఫ్యాన్‌లతో సహా వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి. 2001 నుంచీ ఇదే పరిస్థితి. పులికి ఉన్నంత రక్షణ ఉంది వాటికి. లైవ్ రాక్ పేరుతో అమ్మేది చాలాసార్లు చచ్చిన పగడపు ముక్కే. కొనొద్దు. సెరామిక్‌తోనో సిమెంటుతోనో చేసిన కృత్రిమ రాళ్ళు దొరుకుతాయి, ఆర్నెల్లకి వాటికే ఊదా రంగు నాచు పట్టి అచ్చం అసలువాటిలా కనిపిస్తాయి. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న మనవాళ్ళకి పెంపకంలో పెరిగిన పగడపు ముక్కలు చట్టబద్ధంగానే దొరుకుతాయి. వాళ్ళు ఆల్కలినిటీ (నీటి క్షారగుణం) 8 – 9 dKH, క్యాల్షియం 420 పీపీఎం (లీటరుకి మిల్లీగ్రాములు) దగ్గర నిలకడగా ఉంచుకుంటే చాలు. ఇక్కడ చెప్పిన చేపలేవీ పగడాలను కొరకవు.

రాళ్ళను గోడలా పేర్చకండి. రెండు గుట్టలు చేసి మధ్యలో బాట వదలండి. కొమ్మలున్న రాళ్ళు తప్పనిసరిగా పెట్టండి. క్రోమిస్ రాత్రి కొమ్మల సందులో దూరి పడుకుంటుంది, ఎవరి సందు వారిదే. చేపలు ఏడైతే సందులు పదిహేను ఉండాలి. నా మొదటి గుంపు చావుకి సగం కారణం ఇదే, ఏడింటికి మూడే మంచి సందులుండేవి.

5. సైక్లింగ్

చేపల వ్యర్థంలోని అమ్మోనియాను విరిచే బ్యాక్టీరియాను ముందే పెంచుకోవడమే సైక్లింగ్. గుంపు చేపలను ఒకేసారి వదలాలి. కాబట్టి ఏడు చేపల వ్యర్థాన్ని మొదటిరోజే అరిగించుకునే బ్యాక్టీరియా ముందే సిద్ధంగా ఉండాలి. పాతరోజుల్లోలా ఒక డామ్సెల్‌ని బలిపశువుగా వేసి సైకిల్ చేస్తే, బ్యాక్టీరియా ఒక చేపకి సరిపడానే పెరుగుతుంది. పైగా ఆ డామ్సెల్ ట్యాంకుకి యజమాని అయిపోయి తర్వాత వచ్చినవాళ్ళందరినీ తరుముతుంది. సీసా బ్యాక్టీరియా పోసి, అమ్మోనియం క్లోరైడ్‌తో అమ్మోనియాను 2 పీపీఎంకి తీసుకెళ్ళండి. వేసిన 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి వస్తే సైకిల్ అయినట్టు. మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

6. కొనేటప్పుడు

తొందరపడకండి. ముందు షాపులో నిలబడి పావుగంట చూడండి. మీ ముందే తిండి వేయమని అడగండి. తినని చేపను ఎంత తగ్గించి ఇచ్చినా తీసుకోవద్దు. కొన్ని దేశాల్లో ఇప్పటికీ సయనైడ్‌తో మత్తెక్కించి పడతారు, అలాంటివి ఒక్కోసారి పైకి బాగానే ఉండి తర్వాత పోతాయి. తల వెనక కండ లోపలికి పోయి కత్తిలా కనిపిస్తే అది చాలారోజులు పస్తున్నట్టు. మొప్పలు గబగబా కొట్టుకుంటుంటే వద్దు. క్రోమిస్‌ల పక్కటెముకల మీద ఎర్రటి మరక ఒక్కదానికి కనిపించినా ఆ ట్యాంకులోంచి ఏదీ కొనకండి. అది యురోనీమా అనే పరాన్నజీవి పని కావచ్చు. పుండు బయటికి కనిపించేసరికే లోపల కండ పోయి ఉంటుంది, దక్కించుకోవడం కష్టం.

అన్నీ ఒకే సైజులో, చిన్నవే తీసుకోండి. ఒకటి పెద్దది పడిందా, మొదటిరోజు నుంచే అదే దొర. మొత్తం ఒకేసారి కొనండి. మూడు ఇప్పుడు, నాలుగు వచ్చే నెల అంటే మొదటి మూడూ ఇంటివాళ్ళు, తర్వాతి నాలుగూ చొరబాటుదార్లు అవుతాయి. మన దగ్గర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ చేసిన పని వల్ల క్లౌన్, డామ్సెల్ చేపల్లో కొన్నిటిని హేచరీల్లో పుట్టించడం సాధ్యమైంది. అలాంటివి దొరికితే వాటికే నా ఓటు, గుళికల తిండి అలవాటై ఉంటుంది.

7. క్వారంటైన్

ఇది తప్పించుకోవాలని అందరికీ అనిపిస్తుంది. నాకూ అనిపించింది, దాని ఫలితం పైన చెప్పాను.

80 – 100 లీటర్ల మామూలు ట్యాంకు, ఒక హీటర్, ముందే సంప్‌లో నెలరోజులు నానేసిన స్పాంజ్ ఫిల్టర్, దాక్కోవడానికి ప్లంబింగ్ షాపులో దొరికే పీవీసీ పైపు ముక్కలు, ఎల్బోలు. ఇసుక, రాళ్ళు వద్దు, అవి మందును పీల్చేస్తాయి.

చేపల సంచిని పదిహేను, ఇరవై నిమిషాలు తేలనిచ్చి వేడి సమానం చేయండి. సంచి విప్పాక మాత్రం తాత్సారం చేయకండి. దూరం నుంచి వచ్చిన సంచిలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని పీహెచ్ తగ్గి ఉంటుంది, అందుకే అందులోని అమ్మోనియా అంతగా హాని చేయదు. మూతి విప్పగానే ఆ వాయువు పోయి పీహెచ్ పెరుగుతుంది, అమ్మోనియా విషమవుతుంది. గంటలకొద్దీ చుక్కచుక్కగా నీళ్ళు కలిపే పద్ధతి ఇక్కడ చేపలను కాల్చడమే. దానికి బదులు సంచి నీటి ఉప్పుదనం ఎంతో కొలిచి, క్వారంటైన్ నీటిని ముందే దానికి సరిపెట్టండి. షాపులవాళ్ళు తరచూ 1.019 దగ్గర పెంచుతారు. తర్వాత రోజుకి 0.001 చొప్పున పెంచుకుంటూ పోవచ్చు.

ఇచ్, వెల్వెట్ అనే పరాన్నజీవి జబ్బులు రెండింటికీ చీలేటెడ్ కాపర్ (రాగి) మందు: 2 – 2.5 పీపీఎం, 30 రోజులు. రెండు మూడు రోజులు తీసుకుని నెమ్మదిగా ఆ మోతాదుకి తేవాలి. కాపర్ కొలిచే సరైన కిట్ లేకుండా ఈ పని మొదలుపెట్టకండి, తక్కువైతే పురుగు చావదు, ఎక్కువైతే చేప చస్తుంది. కాపర్ ఉన్న నీటిలో అమ్మోనియా విరిచే కండిషనర్ కలపకూడదు. ఈ ట్యాంకులో వాడిన బకెట్, వల, ట్యూబ్ పెద్ద ట్యాంకు దగ్గరికి వెళ్ళకూడదు, రొయ్యలకి, పగడాలకి కాపర్ విషం.

ఇచ్ పొరపాటున పెద్ద ట్యాంకులోకి వెళ్తే? దాని గుడ్డులాంటి తిత్తులు రాళ్ళకి అతుక్కుని వారాల తరబడి ఉంటాయి. చేపలన్నిటినీ బయటికి తీసి, ట్యాంకును పది, పదకొండు వారాలు చేపల్లేకుండా ఉంచాలి. ఆ శిక్ష కన్నా ఈ నెలరోజులే నయం.

8. పెద్ద ట్యాంకులోకి

గుంపే మొదట వెళ్ళాలి. క్లౌన్ జత తర్వాత. డొమినో డామ్సెల్ (త్రీ స్పాట్ అన్నా ఇదే), డాటీబ్యాక్, ట్రిగ్గర్ లాంటి పోట్లాడే చేపలు అసలే వద్దు. లయన్ చేప కార్డినల్‌ను ఒక్క గుటకలో మింగుతుంది. సాయంత్రం లైట్లు ఆర్పేసి, ఏడింటినీ ఒకేసారి వదలండి. ఆ రోజు తిండి వద్దు. రెండు రోజులు రాళ్ళ వెనకే ఉంటాయి, టార్చి వేసి వెతక్కండి.

9. తిండి

సముద్రంలో ఇవి కొట్టుకొచ్చే ప్లాంక్టన్‌ను (నీటిలో తేలే సూక్ష్మజీవులను) ఏరుకు తింటాయి. ఒక్కపూటే గుప్పెడు వేస్తే బలమున్నది తింటుంది, మిగిలింది కుళ్ళుతుంది. క్రోమిస్‌కి రోజుకి మూడుసార్లు కొంచెం కొంచెంగా పెట్టండి. మధ్యాహ్నం పూట ఆటోమేటిక్ ఫీడర్‌తో చిన్న గుళికలు వేయించవచ్చు. పైజామాకి రెండుసార్లు చాలు, రెండోది లైట్లు తగ్గాక. అది రాత్రిపూట వేటాడే చేప, ఆ పెద్ద కళ్ళు అందుకే.

నేను చేసేది ఇది: ఫ్రోజెన్ మైసిస్ (చిన్న రొయ్యలాంటి జీవి) క్యూబ్ ఒకటి టీ వడపోతలో పెట్టి ఆర్ఓ నీళ్ళతో కడిగి, ట్యాంకు నీళ్ళున్న గ్లాసులో పది నిమిషాలు ఉంచుతాను. పిచికారీ గొట్టంతో మొదట ఎడమవైపు కొంచెం వేస్తాను. పెత్తందారు అక్కడికి పరిగెడుతుంది. వెంటనే కుడివైపు వేవ్‌మేకర్ ముందు మిగతాది వదులుతాను, అది ట్యాంకంతా చెదిరిపోతుంది. వెనకబడ్డ చిన్న చేప నోటికి అప్పుడే అందుతుంది. రెండు మూడు నిమిషాల్లో అయిపోయేంతే వేయాలి.

ఇంత తిండి పెడితే నైట్రేట్, ఫాస్ఫేట్ పెరుగుతాయి. వారానికి పది శాతం నీళ్ళు మార్చండి, స్కిమ్మర్ కప్పు కడగండి, ఫిల్టర్ సాక్ (నీటిని వడకట్టే గుడ్డసంచి) మూడు రోజులకోసారి మార్చండి. అంకెలు పెరిగాయని తిండి తగ్గించకండి, గుంపులో గొడవ ఆకలితోనే మొదలవుతుంది.

10. రోజూ లెక్కపెట్టండి

తిండి వేసిన వెంటనే లెక్క. అన్నీ బయటికి వచ్చేది అప్పుడే. రాని చేప ఎక్కడుందో చూడండి. ఓడిపోయిన క్రోమిస్ గుంపుని వదిలి నీటి పైభాగంలో, మూలలో, నీళ్ళు సంప్‌లోకి దిగే ఓవర్‌ఫ్లో పెట్టె పక్కన నిలబడుతుంది. తోక అంచులు చిరిగి ఉంటాయి, రంగు మసకబారుతుంది. ఆ స్థితిలో దాని ఆయుష్షు రోజుల్లోనే. అయితే పట్టాల్సింది దాన్ని కాదు, కొడుతున్న చేపను. తిండికి ఎగబడ్డప్పుడు దాన్ని వలతో తీసి, కన్నాలున్న ప్లాస్టిక్ డబ్బాలో వేసి ట్యాంకులోనే వారం వేలాడదీయండి. అది లేనప్పుడు మిగతావి సర్దుకుంటాయి, తిరిగొచ్చేసరికి దాని పాత పెత్తనం ఉండదు. ఇది నాకు రెండుసార్లు పనిచేసింది, ఒకసారి చేయలేదు. ఆ మూడోదాన్ని మిత్రుడికి ఇచ్చేశాను.

11. ఎండలు, కరెంటు

ట్యాంకు 25 – 26 డిగ్రీల దగ్గర ఉండాలి. హైదరాబాద్ మే నెలలో చిల్లర్ (నీటిని చల్లబరిచే యంత్రం) లేకపోతే 31కి పోతుంది. నీరు వేడెక్కేకొద్దీ అందులో ఆక్సిజన్ తగ్గుతుంది, గుంపుకేమో ఎక్కువ కావాలి. పొడి గాలి ఉన్నచోట నీటి మీదికి చిన్న ఫ్యాన్ తిప్పితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. విశాఖ, కాకినాడల్లో గాలిలో తేమ ఎక్కువ, అక్కడ ఫ్యాన్ అంతగా పనిచేయదు, చిల్లర్ తప్పదు. ఆవిరైన నీళ్ళకి బదులు ఉప్పునీళ్ళు పోయకండి, ఉప్పు ఆవిరి కాదు కదా. 0 టీడీఎస్ నీళ్ళే పోయాలి. నాకు మేలో రోజుకి పది లీటర్ల దాకా పడుతుంది.

ఇన్వర్టర్ మీద చిల్లర్, హీటర్ పెట్టకండి, ఒక్క వేవ్‌మేకర్ చాలు. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి తప్పకుండా ఉంచుకోండి. వైర్లు ప్లగ్గు కన్నా కిందికి వేలాడి మళ్ళీ పైకి వెళ్ళేలా కట్టండి, నీళ్ళు కారితే నేలమీద పడతాయి, బోర్డులోకి పోవు. ఉప్పునీటి దగ్గర ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) లేని కరెంటు లైను పెట్టుకోవద్దు.

12. నోరు మూసుకున్న చేప

ఏడు పైజామాలు ఏడాది పాటు ఏడుగానే ఉంటే ఒకరోజు ఒకటి తిండికి రాదు. గుంపులోనే ఉంటుంది, కానీ మైసిస్ ముక్క మూతి ముందునుంచి పోతున్నా నోరు తెరవదు. కంగారుపడి క్వారంటైన్‌లో వేయబోయాను నేను. గడ్డం కింద చూస్తే ఉబ్బి ఉంది, అప్పుడప్పుడు ఏదో నమిలినట్టు దవడ కదుపుతోంది. ఆ కదలికలో లోపల నారింజ రంగు గుడ్ల ముద్ద కనిపించింది. కార్డినల్స్‌లో గుడ్లను నోట్లో పెట్టుకు మోసేది తండ్రి. అలాంటప్పుడు వల పెట్టకండి, బెదిరితే మింగేస్తుంది, ఉమ్మేస్తుంది. పైజామా పిల్లలు కంటికి ఆననంత చిన్నవి, పెంచడం కష్టం. బాంగాయ్ పిల్లలైతే బుల్లి బాంగాయ్‌ల్లాగే బయటికి వస్తాయి, గుడ్లలోంచి అప్పుడే బయటికొచ్చిన బ్రైన్ ష్రింప్ (బుల్లి ఉప్పునీటి రొయ్య) పిల్లలతో పెంచవచ్చు.

అది తిండి మానేసిన రోజుల్లో అమ్మ లెక్క కూడా మారింది. ఇప్పుడు "ఏడు ఉన్నాయిరా" అని ఆగదు, "ఏడూ తిన్నాయా?" అని అడుగుతుంది.